వాయిదా కట్టే చోట ఆరోగ్య పాఠం

పొదుపు సంఘం పుస్తకంలో అప్పు దేనికోసమో రాయాల్సిన గడి ఒకటి ఉంటుంది. పాడి గేదె, కిరాణా కొట్టు, కుట్టు మిషను అని రాస్తుంటారు. గేదె పేరున తీసుకున్న డబ్బులో ఎంత నిజంగా గేదెకు పోయిందో, ఎంత ఆస్పత్రి కౌంటర్లో కట్టారో ఆ గడి చెప్పదు. సంఘంలో అందరికీ తెలుసు. రాసిన లీడరుకు తెలుసు. సంతకం పెట్టిన బ్యాంకు వాళ్లకూ తెలియక కాదు. కడుపునొప్పి అని రాస్తే అప్పు పుట్టదు, గేదె అని రాస్తే పుడుతుంది, అంతే.

పేద ఇంట్లో అప్పూ జబ్బూ విడివిడి సంగతులు కావు. మన దేశంలో వైద్యానికయ్యే మొత్తం ఖర్చులో జనం జేబులోంచి నేరుగా పెట్టుకునే వాటా 2013-14లో 64.2 శాతం. 2021-22 నాటికి అది 39.4 శాతానికి దిగిందని జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నాయి. తగ్గుదల పెద్దదే అయినా మిగిలిన భారం తక్కువేం కాదు. వైద్యం ఖర్చుల వల్ల 2011-12లో సుమారు 5.5 కోట్ల మంది పేదరికంలోకి జారారని, అందులో 3.8 కోట్ల మందిని ఒక్క మందుల ఖర్చే కిందికి లాగిందని పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా పరిశోధకులు లెక్కగట్టారు. ఈ రెండో అంకె దగ్గర కాస్త ఆగాలి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ లాంటి పథకాలు ఆపరేషన్ల ఖర్చును మోయగలవు. నెల నెలా బీపీ బిళ్లలకు, పిల్లవాడి జ్వరానికి ఆర్‌ఎంపీ డాక్టరు పెట్టే సెలైన్‌కు, బయట రాసిచ్చిన రక్తపరీక్షలకు అయ్యే డబ్బు ఇంట్లోంచే పోవాలి. ఆ ఇంట్లోని డబ్బు చాలాసార్లు సంఘం అప్పే.

అలాంటప్పుడు అప్పు ఇచ్చే చోటే జబ్బు గురించి నాలుగు మాటలు చెబితే పోదా అన్న ఆలోచన రావడం సహజం. అది కొత్తదేమీ కాదు. బంగ్లాదేశ్ గ్రామీణ బ్యాంకు సభ్యులు 1984లో ‘పదహారు నిర్ణయాలు’ చేసుకున్నారు. ఏడాది పొడవునా కూరగాయలు పండించి తినడం, గుంట మరుగుదొడ్డి తవ్వుకుని వాడటం, గొట్టపు బావి నీళ్లు తాగడం, అవి లేకపోతే నీళ్లు కాచుకోవడమో పటిక వేసుకోవడమో చేయడం అందులోనివి. అమెరికాకు చెందిన ఫ్రీడమ్ ఫ్రమ్ హంగర్ సంస్థ 1980ల చివర్లో ఇంకో అడుగు వేసి అప్పునూ చదువునూ ఒకే సమావేశంలో కలిపింది. ఆడవాళ్లు వాయిదా కట్టడానికి ఎలాగూ వస్తారు, ఎలాగూ కూర్చుంటారు, వాళ్లను మళ్లీ విడిగా పోగేయాల్సిన ఖర్చు ఉండదన్నది దాని లెక్క. అప్పిచ్చేవాడికీ ఇందులో లాభం ఉంది. ఇంట్లో ఒకరు మంచాన పడితే మొదట ఆగేది వాయిదానే.

లెక్క ఎంత బాగున్నా, ఇందులో పనిచేసేది డబ్బా, మాటలా, రెండూ కలిసా అన్నది తేలాలి. డబ్బు సంగతి తేల్చింది మన హైదరాబాదే. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోల బృందం 2005 నుంచి నగరంలోని 104 పేద బస్తీలను పరిశీలించింది. లాటరీ పద్ధతిలో ఎంచిన సగం బస్తీల్లో స్పందన అనే చిన్న అప్పుల సంస్థ ముందుగా అప్పులివ్వడం మొదలుపెట్టింది. మొదటి అప్పు పదివేలు, 50 వారాల వాయిదాలు. అప్పు అందిన బస్తీల్లో చిల్లర వ్యాపారాల మీద పెట్టుబడి పెరిగింది, ఇంటికి కావలసిన మన్నికైన వస్తువులు కొన్నారు, పాన్, సిగరెట్ లాంటి వాటి మీద ఖర్చు కొంత తగ్గింది. ఆరోగ్యం, పిల్లల చదువు, ఇంట్లో ఆడవాళ్ల మాటకు విలువ - ఈ మూడింటిలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. చేతిలో నాలుగు డబ్బులాడితే ఆరోగ్యం అదే బాగుపడుతుందన్న ఊహకు అక్కడ ఆధారం దొరకలేదు.

మాటల సంగతి తేలాలంటే దక్షిణాఫ్రికా వెళ్లాలి. లింపోపో రాష్ట్రంలోని సెకుకూనే ప్రాంతం ప్లాటినం గనుల చుట్టుపక్కలది. మగవాళ్లు పనుల కోసం దూరాలకు పోయి నెలల తరబడి ఉండిపోతారు, ఊళ్లో ఆడవాళ్లు సంసారాలు ఈదుతుంటారు. హెచ్‌ఐవీ విపరీతంగా ఉన్న చోటు. అక్కడ స్మాల్ ఎంటర్‌ప్రైజ్ ఫౌండేషన్ అనే సంస్థ గ్రామీణ బ్యాంకు పద్ధతిలో అప్పులిచ్చేది. ఐదుగురు ఒక జట్టు, ఒకరికొకరు జామీను. అలాంటి జట్లు కలిసి సుమారు నలభై మందితో ఒక కేంద్రం, పదిహేను రోజులకోసారి సమావేశం. 2001లో పరిశోధకులు ఆ సమావేశానికే ‘సిస్టర్స్ ఫర్ లైఫ్’ అనే పాఠాలను జోడించారు. గంటసేపు సాగే పాఠాలు పది. పైకి మామూలుగా కనిపించే రెండు ఏర్పాట్లు ఇందులో కీలకం. పాఠం చెప్పేది అప్పు వసూలు చేసే మనిషి కాదు, దానికి వేరే శిక్షకులున్నారు. రెండోది, మొదటి రోజే హెచ్‌ఐవీ అంటూ మొదలుపెట్టలేదు. ఆడవాళ్ల గురించి తమ ఊళ్లలో చెప్పుకునే సామెతలు, పాడుకునే పాటలు ఏమంటున్నాయో మాట్లాడుకున్నారు. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా ఆడది చేసే పనెంత, మగవాడు చేసే పనెంత అని లెక్క వేసుకున్నారు. ఒంటి గురించి, మొగుడి దెబ్బల గురించి, చివరికి హెచ్‌ఐవీ గురించి మాట వచ్చేసరికి నోరు విప్పడం అలవాటైపోయింది. (మన అప్పగింతల పాటల్ని సంఘం మీటింగులో ఇలా చర్చకు పెడితే ఎన్ని సంగతులు బయటపడతాయో!)

ఫలితాలు 2006లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో వచ్చాయి. ఎనిమిది ఊళ్లలో నాలుగింట ఈ కార్యక్రమం పెట్టి, మిగతా నాలుగింటితో పోల్చారు. అంతకుముందు ఏడాదిలో భర్త చేతిలోనో, జతగాడి చేతిలోనో హింసకు గురైన ఆడవాళ్ల సంఖ్య, కార్యక్రమంలో ఉన్నవాళ్లలో 55 శాతం తక్కువగా తేలింది. అయితే ఊళ్లోని యువతలో కొత్తగా హెచ్‌ఐవీ సోకడం మాత్రం తగ్గలేదు. ఈ రెండో సంగతిని చాలామంది చెప్పకుండా దాటేస్తారు. చెప్పాలి, ఎందుకంటే దాని వెనక ఉండొచ్చనిపించే కారణం మన ఊళ్లకూ పనికొచ్చేది: అప్పు జట్లలో కూర్చున్నది ఎక్కువగా నడివయసు ఆడవాళ్లు, జబ్బు సోకుతున్నది యువతకు.

అసలు చిక్కుముడి విప్పింది 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చిన పోలిక. లింపోపోలోనే ఉత్త అప్పు అందిన ఊళ్లు, అప్పూ పాఠమూ కలిసి అందిన ఊళ్లు, ఏదీ అందని ఊళ్లు - మూడు రకాలనూ పక్కపక్కన పెట్టి చూశారు. ఉత్త అప్పు అందిన చోట ఆర్థికంగా మెరుగు కనిపించింది కానీ, ఆడవాళ్ల ఆత్మవిశ్వాసం, ఇంట్లో మాట చెల్లుబాటు, హింస, ఆరోగ్య అలవాట్ల విషయంలో స్థిరమైన మార్పు కనిపించింది రెండూ కలిసిన చోటే. హైదరాబాద్ బస్తీల్లో తేలినదానితో ఇది సరిగ్గా అతుకుతుంది. అప్పు మనుషుల్ని ఒకచోటికి రప్పిస్తుంది. వచ్చిన తర్వాత అక్కడేం జరుగుతుందన్నదే ఆరోగ్యాన్ని మార్చేది.

అప్పుతో పనిలేకుండానే ఇది సాధ్యమా? జార్ఖండ్, ఒడిశా సరిహద్దు ఆదివాసీ పల్లెల్లో ఏక్‌జుట్ సంస్థ చేసిన పని చూస్తే సాధ్యమేననిపిస్తుంది. 2005-08 మధ్య అక్కడ ఆడవాళ్ల బృందాలు నెలకోసారి కూర్చుని, బొమ్మల కార్డులు, కథల సాయంతో బాలింతలకు, పసికందులకు వచ్చే ముప్పులేమిటో తామే గుర్తించారు. వాటిలో ముందు దేన్ని పట్టుకోవాలో తామే తేల్చుకుని, ఏం చేయాలో తామే నిర్ణయించుకున్నారు. మూడేళ్లలో పుట్టిన నెలలోపు శిశువుల మరణాలు ఆ పల్లెల్లో, పోల్చి చూసిన పల్లెలకన్నా 32 శాతం తక్కువగా నమోదయ్యాయి. ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. భారత్, నేపాల్, బంగ్లాదేశ్, మలావీలలో జరిగిన ఇలాంటి ఏడు ప్రయోగాలను 2013లో కలిపి చూస్తే ఇంకో షరతు తేలింది. ఊళ్లో గర్భిణుల్లో కనీసం 30 శాతం మంది ఆ కూటాలకు వచ్చిన చోటే ప్రాణాలు గట్టిగా నిలబడ్డాయి.

పాఠం నాణ్యత ఎంత ముఖ్యమో చెప్పే ఉదాహరణ ఫ్రీడమ్ ఫ్రమ్ హంగర్ సొంత లెక్కల్లోనే ఉంది. 1990లలో వాళ్ల కార్యక్రమాన్ని ఘనాలో, బొలీవియాలో పరీక్షించారు. ఘనాలో అప్పూ పాఠమూ అందుకున్న తల్లుల పిల్లలు ఎత్తులోనూ బరువులోనూ మెరుగయ్యారు. బొలీవియాలో మొత్తం మీద అలాంటిదేమీ కనిపించలేదు. పాఠం సరిగ్గా చెప్పిన ఊళ్లను విడదీసి చూస్తేనే పిల్లల బరువులో తేడా తెలిసింది. అదే సంస్థ, అదే పద్ధతి, చెప్పే మనిషిని బట్టి ఫలితం మారింది.

చెప్పే మనిషి చేత సరిగ్గా చెప్పించడం ఎలాగో బంగ్లాదేశ్ స్వచ్ఛంద సంస్థ బ్రాక్‌ను చూసి నేర్చుకోవచ్చు. 1980లో మొదలుపెట్టి పదేళ్లపాటు బంగ్లాదేశ్‌లో ఇంటింటికీ తిరిగి, విరేచనాలు పట్టుకున్న పిల్లలకు ఉప్పు-బెల్లం నీళ్లు కలపడం నేర్పారు. మూడు వేళ్లతో చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్లు. కోటికి పైగా ఇళ్లు తిరిగారు. ఇన్ని ఇళ్లు తిరిగామని రాసుకుంటే నేర్పిన మనిషికి డబ్బు రాదు. కొన్ని వారాల తర్వాత వేరే మనిషి వెళ్లి ఆ తల్లిని అడుగుతాడు, కలిపి చూపించమంటాడు. ఆమెకు ఎంత గుర్తుంటే నేర్పినామెకు అంత జీతం. ఇది అప్పు కార్యక్రమం కాదు. కానీ అప్పు సమావేశాల్లో ఆరోగ్య పాఠం పెట్టేవాళ్లు అరువు తెచ్చుకోవాల్సింది ఇదే. మన దగ్గర జరిగేది దాదాపు దీనికి తలకిందులు. పాఠం అయిందని రిజిస్టరులో రాసి, ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడితే పని పూర్తయినట్టు. విన్నవాళ్లకు ఏం గుర్తుందో అడిగేవాళ్లు ఉండరు. ఇదే బ్రాక్ తన అప్పు సంఘాల సభ్యుల్లోంచే ‘షాస్త్య షేబికా’లను, అంటే ఆరోగ్య సేవికలను తయారు చేసింది. చిన్న పెట్టుబడి అప్పుతో మామూలు మందులు, సబ్బులు, ఉప్పు ప్యాకెట్లు కొనుక్కుని ఇంటింటికీ అమ్ముతూ క్షయ రోగులకు దగ్గరుండి బిళ్లలు మింగించేది వాళ్లే.

అప్పుతో ఏది కలిపినా అతుక్కుంటుందనుకుంటే పొరపాటు. ఎస్‌కేఎస్ అనే చిన్న అప్పుల సంస్థ కర్ణాటకలోని బీదర్, గుల్బర్గా పల్లెల్లో, అప్పు రెన్యువల్ చేసుకోవాలంటే ఆరోగ్య బీమా తీసుకోవాల్సిందేనని షరతు పెట్టింది. ఈ షరతు ఉన్న ఊళ్లనూ లేని ఊళ్లనూ పోల్చిన పరిశోధకులకు తేలిందేమిటంటే, షరతున్న ఊళ్లలో రెన్యువల్ 16 శాతం పాయింట్లు పడిపోయింది. బీమా వద్దనుకుని ఏకంగా అప్పునే వదులుకున్నారు! అంటిపెట్టుకుని ఉన్నవాళ్లలోనూ క్లెయిము చేసుకున్నది బహు కొద్దిమంది. ఈ కార్డు ఏ ఆస్పత్రిలో చెల్లుతుంది, ఏ కాగితం దాచుకోవాలి, దేనికి డబ్బు వస్తుంది అని విడమరిచి చెప్పకుండా ప్రీమియం మాత్రం కోసుకుంటే, అది సభ్యురాలి కంటికి వడ్డీ పెంచినట్టే కనిపిస్తుంది.

ఇక మన దగ్గరికొస్తే, చదువు, సమావేశం, పొదుపు ఒకదాన్నుంచి ఒకటి పుట్టుకొచ్చిన చరిత్ర నెల్లూరు జిల్లాది. 1991లో అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. రాత్రి బడుల్లో వాచకం పాఠాలు సారా మీద చర్చకు దారితీశాయి. దూబగుంట ఆడవాళ్లు ఊళ్లో సారా కొట్టు మూయించారు, అది జిల్లా అంతా అంటుకుంది, 1993 అక్టోబరు నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ వేడిలోనే రోజుకో రూపాయి దాచుకునే ‘పొదుపులక్ష్మి’ సంఘాలు పుట్టాయి. అక్కడ ముందు వచ్చింది మాట, తర్వాత డబ్బు. మొగుడి తాగుడు ఇంటి ఆరోగ్య సమస్యలన్నిట్లోకీ పెద్దదని వాళ్లకు ఏ నిపుణుడూ చెప్పలేదు.

తర్వాత వెలుగు, ఇందిరా క్రాంతి పథం పథకాల రోజుల్లో, ప్రభుత్వ పేదరిక నిర్మూలన సంస్థ సెర్ప్ ఈ సంఘాల్ని గ్రామైక్య సంఘాలుగా, మండల సమాఖ్యలుగా కట్టింది. ఆరోగ్యాన్ని కూడా వాటి పనిగా పెట్టుకుంది. అందులో పోషకాహార కేంద్రాలు ప్రత్యేకంగా చెప్పుకోదగ్గవి. గర్భిణులు, బాలింతలు గ్రామైక్య సంఘం నడిపే కేంద్రానికి వచ్చి పూటకింత వేడి అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు అక్కడే కూర్చుని తినేవారు. ఇంటికి పంపితే ఆ గుడ్డు ఎవరి కంచంలో పడుతుందో అందరికీ తెలిసిందే కదా. ఖర్చులో కొంత తామే భరించేవారు. ఉచితం కాకపోవడం వల్ల కూర బాగోలేదని అడిగే హక్కు వచ్చింది.

ఆ తర్వాత 2010 వచ్చింది. సంఘాల పక్కనే ప్రైవేటు మైక్రోఫైనాన్స్ కంపెనీలు వారం వారం వసూళ్లతో ఊళ్లను ముంచెత్తాయి. ఒకే ఇంటికి మూడు నాలుగు కంపెనీల అప్పులుండేవి, వసూళ్ల ఒత్తిడికి ఆత్మహత్యలు జరిగాయన్న ఆరోపణలు వచ్చాయి. అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, వారం వాయిదాల్ని నెలకు మార్చింది, వసూళ్లు ఇంటి గుమ్మంలో కాక పంచాయతీ ఆఫీసు లాంటి బహిరంగ స్థలంలోనే జరగాలంది. ఆ గొడవంతా వడ్డీల చుట్టూ నడిచింది. ఆరోగ్య కోణం నుంచి చూస్తే పోయింది ఇంకొకటి కూడా: వాయిదా కూటం మీద నమ్మకం. ఒకరు కట్టలేకపోతే మిగతా వాళ్లను లేవనివ్వకుండా కూర్చోబెట్టిన చోట, మనిషి తెల్లబట్ట అవుతోందనో, భర్త కొడుతున్నాడనో నోరు తెరిచి చెప్పదు. లింపోపోలో వసూలు చేసే మనిషినీ పాఠం చెప్పే మనిషినీ వేరు చేయడం ఎంత తెలివైన పనో అప్పుడు అర్థమవుతుంది.

ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లో కోటిమందికి పైగా ఆడవాళ్లు సంఘాల్లో ఉన్నారు. దేశంలో ఈ పొదుపు సంఘాల అల్లిక ఇంత దట్టంగా ఉన్న చోట్లు తక్కువ. అయినా అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల లెక్కలోనూ ఈ రెండు రాష్ట్రాలు దేశంలో ముందు వరుసలో ఉన్నాయి. ఆపరేషను సంగతి మరీ చిత్రమైనది. అక్కడ కొరత డబ్బుది కాదు. సంఘం అప్పో, చీటీ డబ్బో చేతికి అందింది కాబట్టే ఆ ఆపరేషను జరిగిన సందర్భాలు ఉంటాయి. నడుము నొప్పి, తెల్లబట్ట అని వెళ్తే, పిల్లలు పుట్టడం అయిపోయింది కదా, తీసేస్తే క్యాన్సర్ భయం ఉండదు అని ప్రైవేటు ఆస్పత్రిలో చెబుతారు. వేరే డాక్టరును అడగవచ్చని, మందులతో తగ్గేవి చాలా ఉన్నాయని, చిన్న వయసులో తీయించుకుంటే ఎముకలు బలహీనపడటంతో పాటు ఇంకా చిక్కులు రావచ్చని చెప్పే మనిషి లేనప్పుడు, తేలిగ్గా దొరికే అప్పు నేరుగా ఆ ఆపరేషన్ థియేటర్లోకి దారి తీస్తుంది. ఖర్చు ఎప్పుడు పెట్టకూడదో తెలియడం కూడా ఆరోగ్య పాఠంలో భాగమే. పథకాల కరపత్రాల్లో అది కనిపించదు. చేతులు కడుక్కోమని మాత్రం ప్రతి కరపత్రంలోనూ ఉంటుంది.

లింపోపోలో ఎదురైన వయసు చిక్కు మన సంఘాల్లో ఇంకా స్పష్టం. ఇరవై, ముప్పై ఏళ్ల కింద చేరిన సభ్యురాళ్లు ఇప్పుడు అత్తలు, అమ్మమ్మలు. కడుపుతో ఉన్న కోడలు సంఘంలో ఉండదు, మీటింగుకు రాదు. ఏక్‌జుట్ లాంటి ప్రయోగాలు అడిగిన 30 శాతం గర్భిణుల హాజరు ఇక్కడ ఎక్కడినుంచి వస్తుంది? అలాగని అత్తను వదిలేయడమూ పొరపాటే. ఎన్నో నెలలో డాక్టరుకు చూపించాలి, పుట్టింటికి ఎప్పుడు పంపాలి, పసిబిడ్డకు తేనె నాకించాలా వద్దా, ఇవన్నీ చాలా ఇళ్లలో తేల్చేది ఆమే. కాబట్టి పాఠాలు రెండు రకాలుగా ఉండాలి. అత్తలకు చెప్పాల్సింది వేరు, కోడళ్లను రప్పించే కూటం వేరు. బీపీ, షుగర్, గర్భసంచి జబ్బుల మీద పాఠాలైతే ఇప్పటి సభ్యుల వయసుకు అచ్చంగా సరిపోతాయి. మనవాళ్లు మాత్రం ఇంకా బాలింత పాఠాలే చెబుతుంటారు.

ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది ఇంకా తేలలేదు. సెకుకూనేలో మొదటి దశలో ఒక్కో సభ్యురాలి మీద సుమారు 43 డాలర్లయింది, కార్యక్రమాన్ని విస్తరించాక అది 13 డాలర్లకు దిగింది. విస్తరిస్తే చవకవుతుందని దీన్నిబట్టి తెలుస్తోంది. ఆ 13 డాలర్లనైనా వడ్డీలో కలిపి పేద ఆడవాళ్ల దగ్గరే వసూలు చేయడం న్యాయం కాదు. టీకాలకు పెట్టినట్టే ప్రభుత్వం పెట్టాలి. జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ సంఘాల పంచసూత్రాలను దశసూత్రాలు చేసింది. క్రమం తప్పని పొదుపు, సమావేశం, అప్పులివ్వడం, తిరిగి కట్టడం, పుస్తక నిర్వహణ పాత ఐదు. ఆరోగ్యం, పోషణ, పారిశుద్ధ్యం కొత్తగా చేరిన ఐదింటిలో ఉన్నాయి. కాగితం మీద ఇది మంచి మార్పు. కానీ లింకేజీ లోన్ ఇచ్చేటప్పుడు బ్యాంకు చూసే గ్రేడు పాత ఐదింటిదే. ఊళ్లో సంఘాల పుస్తకాలు రాసే వీవోఏను మండల మీటింగులో నిలదీసేది బకాయిల మీదే. ఆమె చేతిలో ఇప్పుడు పొదుపు యాప్, లోన్ల యాప్, సర్వేల యాప్ ఉన్నాయి. నెలకో సమావేశంలో పుస్తకాలు రాసి, వేలిముద్రలు పెట్టించి, పథకాల పేర్లు ఎక్కించేసరికే గంట దాటిపోతుంది. గ్రేడు లెక్కలో ఆరోగ్య పాఠానికి నాలుగు మార్కులు పడేదాకా, ఆ మార్కులు కూడా హాజరు పట్టీ చూసి కాక సభ్యుల్ని అడిగి వేసేదాకా, ఆ గంటలోంచి పది నిమిషాలు కూడా దానికి మిగలవు.